రైతు ప్రశ్నల నమోదుల నుండి పురుగుల సమాచారం: అక్షర నమూనాల వినియోగం

మిరప ఆకుల అంచులు పైకి ముడుచుకొనుట తామర పురుగుల లక్షణం. క్రిందికి ముడుచుకొనుట తెల్లనల్లి లక్షణం. రైతులు వీటిని పై ముడత, క్రింది ముడత అని వ్యవహరిస్తారు. తామర పురుగుల మందులలో అనేకం నల్లిని అరికట్టలేవు. కావున గుంటూరు, ప్రకాశం మైదానాల రైతు ప్రశ్నలను కంప్యూటరు ద్వారా లెక్కించునప్పుడు ఈ రెండూ కలిసిపోతే విస్తరణ సలహాయే దారి తప్పుతుంది.

2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ల నమోదులలో జిల్లా, పంట వంటి వివరాలకు ప్రత్యేక గడులున్నాయి. లక్షణాల వివరణ మాత్రం విడి వాక్యాలలో ఉంటుంది. అటువంటి వాక్యాల నుండి సమాచారాన్ని వెలికితీయుటకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఉపకరిస్తాయి. ఇవి ఒక పదానికి గల పలు రూపాలను ఒకేసారి వర్ణించే అక్షర నమూనాలు. 1968లో కెన్ థాంప్సన్ వీటిని పాఠ్య అన్వేషణకు అనువర్తింపజేశాడు.

పత్తిలో గులాబి రంగు పురుగును పలువిధాలుగా రాస్తారు. వాటికి ఈ నమూనా సరిపోతుంది:

(గులాబి|గులాబీ)( ?రంగు)? ?పురుగు

నిలువు గీత ‘లేదా’ అని, ప్రశ్నార్థకం ‘ఉన్నా లేకున్నా’ అని సూచిస్తాయి.

మిరప విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘పై ?ముడత’ అను నమూనా ‘ఆకులపై ముడతలు’ అను వాక్యాన్ని కూడా పట్టుకుంటుంది. అక్కడ ‘పై’ కేవలం విభక్తి ప్రత్యయం. ‘(^| )పై ?ముడత’ అని రాసినచో వాక్యారంభంలో గాని, ఖాళీ తరువాత గాని వచ్చిన ‘పై’ మాత్రమే లెక్కకు వస్తుంది. అదేవిధంగా ‘తామర పురుగు’ అని మాత్రమే వెతికినచో, 2021-22లో మిరప పూతను తీవ్రంగా నష్టపరచిన నల్ల తామర పురుగు పాత జాతితో కలిసిపోతుంది.

తెలుగు లిపికి మరొక చిక్కు ఉంది. పైథాన్ భాషలోని ప్రామాణిక మాడ్యూలు పదాక్షర సంకేతంలో గుణింతపు గుర్తులను చేర్చదు. ‘మిరప’ను ‘మ’, ‘రప’ అని విడదీస్తుంది. [ఀ-౿]+ అని తెలుగు అక్షరశ్రేణిని నేరుగా పేర్కొనుట సురక్షితం.

స్థలనామాలలో కాలాన్ని కూడా గమనించాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నరసరావుపేట పల్నాడు జిల్లాకు, పర్చూరు బాపట్ల జిల్లాకు మారాయి. జిల్లాకు బదులు మండలం పేరును వెలికితీసినచో సంవత్సరాల మధ్య పోలిక నిలుస్తుంది.

‘తామర పురుగులు లేవు’ అను వాక్యాన్ని కూడా నమూనా ఫిర్యాదుగానే లెక్కిస్తుంది. కావున ఫలితాల నుండి యాదృచ్ఛికంగా కొన్ని వాక్యాలను తీసి, పంట లక్షణాలు తెలిసినవారు చదివి సరిచూసిన పిమ్మటనే ఆ లెక్క సలహాకు ఆధారం కావాలి.