జైలర్లే జంకిన వార్డులో ప్రార్థన.. ఐదు పౌండ్ల నోటుపై ఆ దృశ్యం.. అసలు ఎవరీ ఎలిజబెత్ ఫ్రై?

బ్రిటన్‌లో 2002 నుంచి 2017 వరకు చలామణిలో ఉన్న ఐదు పౌండ్ల నోటు వెనక ఒక మహిళ బొమ్మ ఉండేది. జైల్లో ఖైదీలకు ఆమె బైబిల్ చదివి వినిపిస్తున్న దృశ్యం పక్కనే కనిపించేది. ఆమే ఎలిజబెత్ ఫ్రై. ఆ నోటును ముద్రించింది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. విచిత్రం ఏంటంటే, అదే బ్యాంకు పేరిట వచ్చిన నకిలీ నోట్లు మార్చినందుకు ఉరిశిక్ష పడిన ఓ ఖైదీని కాపాడలేక ఆమె ఓడిపోయారు.

లోపల ఏం చూశారు?

1813లో ఫ్రై తొలిసారి లండన్‌లోని న్యూగేట్ జైలుకు వెళ్లారు. చంటిపిల్లల కోసం వెచ్చటి బట్టలు పట్టుకెళ్లారు. మహిళల విభాగంలో దాదాపు 300 మంది, వాళ్లతోపాటు పిల్లలు. శిక్ష పడినవాళ్లు, విచారణలో ఉన్నవాళ్లు అంతా ఒకేచోట. వంట, ఉతుకుడు, నిద్ర కూడా అక్కడే. లోపలికి వెళ్లాలంటే జైలు సిబ్బందికే గుండె దడ.

ఒక మహిళ ఆరాధన నడిపించడమేంటి?

ఆ రోజుల్లో చర్చిలో స్త్రీ నోరు విప్పడమే అరుదు. కానీ ఫ్రై క్వేకర్. ఆ సమాజంలో పాస్టర్ ఉండరు. అంతా మౌనంగా కూర్చుంటారు, దేవుడు ప్రేరేపించాడనిపిస్తే ఆడవాళ్లైనా లేచి మాట్లాడొచ్చు. న్యూగేట్‌లో ఆమెకు ఆ అలవాటే పనికొచ్చింది.

ఆదేశాలు కాదు.. ఓటింగ్!

1816 చివర్లో ఫ్రై మళ్లీ వెళ్లారు. ఈసారి పిల్లలకు బడి పెడదామని తల్లులను అడిగారు. టీచర్‌గా తమలో ఒకరిని ఖైదీలే ఎంచుకున్నారు. 1817లో మరికొందరు మహిళలతో కలిసి ఆమె ఒక సంఘం పెట్టారు. పేకాట వద్దు, బూతులు వద్దు, గొడవలు వద్దు.. ఇలా ఒక్కో నియమాన్ని చదివి, ఒప్పుకుంటేనే చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. పొద్దున గంట కొట్టగానే అంతా చేరి వాక్యం వినేవారు. ఆ తర్వాత కుట్టుపని, అల్లికలు.

ప్రార్థన ఆపలేనిది..

1818లో నకిలీ నోట్ల కేసులో హారియెట్ స్కెల్టన్‌కు ఉరిశిక్ష పడింది. ఆమె కోసం ఫ్రై హోం మంత్రి లార్డ్ సిడ్మత్ దాకా వెళ్లారు. ఫలితం దక్కలేదు. శిక్ష అమలైంది. అదే ఏడాది పార్లమెంటు కమిటీ ముందు ఫ్రై జైళ్ల పరిస్థితి వివరించారు. మహిళా ఖైదీలను మహిళా సిబ్బందే చూసుకోవాలని 1823లో చట్టం వచ్చింది. నకిలీ నోట్ల కేసుల్లో ఉరి రద్దయింది మాత్రం 1830ల్లోనే.

మన దగ్గర ఏంటి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్‌డీ ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో కీలక తీర్పు ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు జైల్లో తల్లి దగ్గర ఉండొచ్చని, వాళ్లకు క్రెష్, నర్సరీ ఉండాలని చెప్పింది. జైల్లో పుట్టిన బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో జైలు పేరు రాయొద్దని కూడా స్పష్టం చేసింది. రెండు వందల ఏళ్ల కిందట న్యూగేట్‌లో ఫ్రై పని మొదలైంది కూడా ఆ పిల్లల దగ్గరే.