నగర భద్రతలో నివాసుల మాట: టొరంటో నేర్చుకున్న తీరు

ఒక నగరంలో ఏ వీధి క్షేమమో, ఏ వీధిలో జాగ్రత్తగా ఉండాలో తేల్చడానికి ప్రభుత్వాలు మామూలుగా చూసేది పోలీసు స్టేషన్లలో నమోదైన కేసుల లెక్క. ఆ లెక్కకు ఉండవలసిన విలువ ఉంది గాని, జరిగిపోయినదాన్ని, అందులోనూ ఎవరో ఒకరు స్టేషన్ దాకా వెళ్ళి ఫిర్యాదు చేసినదాన్ని మాత్రమే అది చూపగలదు. పొద్దు వాలాక ఆడవాళ్ళు అడుగు పెట్టడమే మానేసిన సందులో కేసులు నమోదయ్యే అవకాశం తక్కువ కనుక, కాగితం మీద ఆ సందు ఊళ్ళోకెల్లా నిరపాయంగా కనిపిస్తుంది. అటు వెళ్ళడానికి జంకి, రోజూ పది నిమిషాలు ఎక్కువ నడిచి చుట్టుదారిన ఇల్లు చేరేవారికి అసలు సంగతి తెలుసు, కాని వారిని ఎవరైనా అడిగితే తప్ప అది బయటికి రాదు. నగర భద్రతకు, ప్రజల క్షేమానికి ప్రణాళిక వేసేటప్పుడు అక్కడ బతికేవారిని కలుపుకోవాలన్న వాదానికి బలం ఇక్కడే ఉంది. కెనడాలోని టొరంటో నగరం ఈ వాదాన్ని నాలుగు దశాబ్దాలుగా ఆచరణలో పెట్టి చూస్తోంది గనుక, అక్కడ ఏది ఫలించిందో, ఏది ఇంకా తెమలలేదో తెలుసుకోవడం మన నగరాల గురించి ఆలోచించేవారికి ఉపయోగపడుతుంది.

ఒంటారియో రాష్ట్ర రాజధాని అయిన టొరంటోలో 2021 జనగణన నాటికి దాదాపు 28 లక్షల మంది ఉన్నారు. 1980ల తొలినాళ్ళలో అక్కడ స్త్రీలపై వరుసగా జరిగిన అత్యాచారాలు, హత్యలు నగరాన్ని కలవరపెట్టడంతో ప్రత్యేక అధ్యయనం జరిగి, దాని పర్యవసానంగా 1984లో ‘మెట్రాక్’ అనే సంస్థ ఏర్పడింది. బహిరంగ స్థలాల్లో స్త్రీలపై, పిల్లలపై జరిగే హింసను అరికట్టడం దాని పని. ఈ సంస్థ 1989లో రూపొందించిన ‘సేఫ్టీ ఆడిట్’ పద్ధతి తరువాతి కాలంలో ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా ఎన్నో దేశాలకు చేరింది. ఆడిట్ అంటే ఖాతాల తనిఖీ అన్న అర్థమే మనకు అలవాటు గాని, ఇక్కడ తనిఖీకి లోనయ్యేది వీధి, తనిఖీ చేసేవారు ఆ వీధిని రోజూ వాడే మనుషులు.

పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. చీకటి పడ్డాక కొద్దిమంది స్త్రీలు, వీలైతే వారిలో ఒక వృద్ధురాలు, ఒక వికలాంగురాలు, రాత్రి ఉద్యోగం నుంచి తిరిగివచ్చే ఒకరు ఉండేలా చూసుకుని, బస్టాపు నుంచి ఇళ్ళ దాకా గాని, పార్కింగ్ నుంచి కార్యాలయం దాకా గాని కలిసి నడుస్తారు. చేతిలో ఉన్న ప్రశ్నల పట్టికను బట్టి ప్రతి చోటా ఆగి చూస్తారు: 25 మీటర్ల దూరంలో వస్తున్న మనిషి ముఖం పోల్చుకోగలిగేంత వెలుతురు ఉందా, దీపం ఉన్నా చెట్టుకొమ్మ దానికి అడ్డంగా పెరిగిందా, ఆ వెలుగు వాహనాలు తిరిగే రోడ్డు మీద పడుతోందా లేక మనిషి నడిచే కాలిబాట మీద పడుతోందా, మలుపు అవతల ఎవరైనా పొంచి ఉండే వీలుందా, కేక వేస్తే వినిపించేంత దగ్గరలో మనుషులు ఉంటారా, తప్పించుకు పోవాలంటే రెండో దారి ఉందా. దీపాల గురించిన ప్రశ్న ఒక్కటి చాలు ఈ పద్ధతి విలువ తెలియడానికి. ఆ వీధిలో స్తంభాలెన్నో, వాటిలో ఎన్ని వెలుగుతున్నాయో ఇంజినీరు దగ్గర ఉన్న పట్టిక చెప్పగలదు. స్తంభాలన్నీ వెలుగుతున్నా కాలిబాట మాత్రం చీకట్లోనే ఉందన్న సంగతి దాని మీద నడిచినవారు మాత్రమే చెప్పగలరు.

ఈ నడకల ఫలితం మొదట గట్టిగా కనిపించింది టొరంటో బస్సుల్లో, భూగర్భ రైలు స్టేషన్లలో. నగర రవాణా సంస్థ, పోలీసులు, మెట్రాక్ కలిసి స్టేషన్లను పరిశీలించిన తరువాత ప్లాట్‌ఫారాల మీద ప్రత్యేకంగా వేచి ఉండే చోట్లు ఏర్పాటయ్యాయి. వెలుతురు ఎక్కువగా ఉండి, ఆపదలో మాట్లాడటానికి ఇంటర్‌కామ్, నిఘా కెమెరా అమర్చిన ఆ చోటుకు ఎదురుగానే రైలు గార్డు ఉండే పెట్టె వచ్చి ఆగేది. 1991లో మొదలైన మరో ఏర్పాటు ఇంకా సులువైనది: రాత్రి 9 గంటల తరువాత బస్సులో ఒంటరిగా ప్రయాణించే స్త్రీ రెండు స్టాపుల మధ్యలో, తన ఇంటికి దగ్గరగా దించమని డ్రైవర్‌ను అడగవచ్చు. దిగేటప్పుడు ముందు తలుపే తెరుస్తారు, వెనక తలుపు మూసే ఉంచుతారు కనుక ఆమె వెంట మరొకరు వెనక నుంచి దిగిపోయే వీలుండదు. వెనక తలుపు గురించిన ఆ చిన్న జాగ్రత్త రాత్రి బస్సు ఎక్కిన మనిషి భయాన్ని అర్థం చేసుకున్నప్పుడే పుడుతుంది. తరువాత ఈ సదుపాయాన్ని ప్రయాణికులందరికీ వర్తింపజేశారు.

అయితే నివాసులను అడగడం వేరు, వారి మాటను నిర్ణయంలోకి తేవడం వేరు. ఈ తేడాను స్పష్టంగా చూపినవారిలో అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టైన్ ముఖ్యురాలు. 1969లో ప్రచురించిన వ్యాసంలో ఆమె ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా విభజించింది. అడుగు మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టడం, లోపం వారిలోనే ఉందన్నట్టు ‘చికిత్స’ చేయడం ఉంటాయి. నడిమి మెట్ల మీద సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం ఉంటాయి. పై మెట్లకు చేరినప్పుడు మాత్రమే అధికారం కొంతైనా చేతులు మారుతుంది. నోటీసు అంటించి, సభ పెట్టి, హాజరు పట్టికలో సంతకాలు తీసుకుని, ముందే సిద్ధమైన నివేదికను ఆమోదింపజేసుకునే తంతు మన ఊళ్ళలో ఎంత మామూలో తెలిసినవారికి ఆ నిచ్చెనలో అది ఏ మెట్టో విడమరచి చెప్పనక్కర లేదు.

టొరంటో కథలో రెండో ఘట్టం చట్టానిది. 2018లో ఒంటారియో శాసనసభ చేసిన మార్పుల మేరకు 2019 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలోని మునిసిపాలిటీలు ఒంటరిగా గాని, పొరుగువారితో కలిసి గాని ‘సామాజిక భద్రత, క్షేమ ప్రణాళిక’ తయారు చేయడం తప్పనిసరి అయింది. ఇందులో భద్రత పక్కన క్షేమం అనే మాట చేరడం పైపై మార్పు కాదు. ఇల్లు, ఆదాయం, చదువు, మానసిక ఆరోగ్యం, నలుగురిలో ఒకరిగా బతకగలిగే స్థితి, వీటిలో ఏది కొరవడినా అది చివరకు పోలీసుల గుమ్మానికే చేరుతుందన్న గుర్తింపు ఆ జంట పదంలో ఉంది. అక్కడి ప్రభుత్వం ఈ పనిని నాలుగు అంచెలుగా చూస్తుంది: పేదరికం, నివాసం వంటి మూలకారణాలను సరిదిద్దే సామాజికాభివృద్ధి, ముప్పు ఉందని తెలిసిన చోట ముందే చేసే నివారణ, ప్రమాదం ముంచుకొస్తున్న మనిషినో కుటుంబాన్నో ఆదుకునే జోక్యం, చివరిగా, ఘటన జరిగాక పోలీసులు, అంబులెన్సు వంటివారు వచ్చే అత్యవసర స్పందన. ప్రణాళిక వేసే సలహా సంఘంలో ఆరోగ్యం, విద్య, సామాజిక సేవల ప్రతినిధులు ఉండాలి. యువతను, మానసిక వైద్యం పొందుతున్నవారిని, జాతి వివక్షకు గురయ్యే సమూహాలను, ఆదివాసీ జాతులవారిని సంప్రదించాలని కూడా నిర్దేశించారు. అధికారుల ఇష్టానికి వదిలేస్తే ఆఖరున గుర్తుకు వచ్చేది వీరే కాబట్టి ఇలా పేరు పెట్టి చెప్పడం ఎంతో అవసరం.

ఆ చట్టం కింద టొరంటో నగర మండలి 2021 జులైలో ‘సేఫ్‌టీవో’ అనే పదేళ్ళ ప్రణాళికను ఆమోదించింది. అందులోంచి ఆచరణకు వచ్చినవాటిలో చెప్పుకోదగినది మానసిక సంక్షోభంలో ఉన్నవారి కోసం ఏర్పడిన సేవ. అటువంటి సమయంలో తుపాకీ ధరించిన పోలీసు రావడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువన్నది అక్కడి నల్లజాతి, ఆదివాసీ కుటుంబాలు ఎంతో కాలంగా చెబుతున్న మాట. 2020లో ఆ మాట నగరమంతటా ఉద్యమంగా వినిపించింది. 2022 మార్చిలో కొన్ని ప్రాంతాల్లో మొదలైన కొత్త సేవలో 211 నంబరుకు ఫోన్ చేస్తే శిక్షణ పొందిన సంక్షోభ సహాయకులు పోలీసులు లేకుండా వస్తారు, మనిషితో మాట్లాడి శాంతపరుస్తారు, తరువాతి రోజుల్లో ఇల్లు, వైద్యం వంటి అవసరాలను కూడా చూస్తారు. దీన్ని నడిపే బాధ్యతను ప్రభుత్వ శాఖకు కాక ఆయా సమూహాల్లో నమ్మకం సంపాదించుకున్న స్థానిక సంస్థలకు అప్పగించారు. 2024 నాటికి ఈ సేవ నగరమంతా విస్తరించింది. ఆర్న్‌స్టైన్ నిచ్చెనతో కొలిస్తే టొరంటో పై మెట్లకు దగ్గరగా వచ్చింది బహుశా ఇక్కడే.

మూడో అంచె అయిన జోక్యం ఎలా జరుగుతుందో దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే అందులో గోప్యతకు సంబంధించిన కష్టమైన ప్రశ్న ఉంది. సస్కాచెవాన్ రాష్ట్రంలోని ప్రిన్స్ ఆల్బర్ట్ పట్టణంలో 2011లో మొదలై, తరువాత టొరంటోకూ వచ్చిన పద్ధతిలో పోలీసు, ఆసుపత్రి, బడి, గృహవసతి శాఖ వంటివాటి ప్రతినిధులు క్రమం తప్పకుండా ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. బడి మానేసిన పిల్లవాడు, తాగుడుకు బానిసైన తండ్రి, అద్దె కట్టలేని తల్లి ఒకే ఇంటివారైనా, ఒక్కొక్కరి సంగతి ఒక్కొక్క శాఖ ఫైలులో విడిగా పడి ఉంటుంది కనుక, అన్నిటినీ కలిపి చూస్తే తప్ప ఆ ఇంటికి ముంచుకొస్తున్న ముప్పు ఎవరికీ కనబడదు. అలాగని ఒక కుటుంబం గుట్టు అందరి ముందూ విప్పడం న్యాయం కాదు. అందుకే ముందు తమ సంస్థ ఒక్కటే పరిష్కరించగలదా అని సంస్థలోనే చూసుకుంటారు. కాదంటే పేరు లేకుండా సమస్యను మాత్రం బల్ల ముందు పెడతారు. ప్రమాదం నిజంగా తీవ్రమైనదని అందరూ అంగీకరించాకే అవసరమైనంత మేరకు వివరాలు చెబుతారు. చివరకు ఆ కుటుంబానికి సాయం చేయగల రెండు మూడు సంస్థలవారు మాత్రమే విడిగా కూర్చుని, ఇంటికి వెళ్ళి, సాయం కావాలా అని అడుగుతారు. ఇంత జాగ్రత్త ఉన్నా, తమ గురించి ఎవరో ఎక్కడో మాట్లాడుకుంటున్నారన్న బాధ ఆ కుటుంబానికి ఉండదని చెప్పలేము.

టొరంటో పక్కనే ఉన్న పీల్ ప్రాంతం, అంటే బ్రాంప్టన్, మిస్సిసాగా, కేలెడన్ పట్టణాలు కలిసినది, మన తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన చోటు. ఆ ప్రాంతం 2020–2024 ప్రణాళికకు మొదట ఎంచుకున్న అంశాలు మూడు: కుటుంబ హింస, మానసిక ఆరోగ్యంతో పాటు వ్యసనాలు, వ్యవస్థలో పాతుకుపోయిన వివక్ష. భద్రత అనగానే దొంగతనాలు, దోపిడీలు గుర్తుకు వచ్చేవారికి ఈ జాబితా వింతగా తోచవచ్చు. పరాయి దేశంలో పుట్టింటి అండ లేక, భర్త వీసా మీద ఆధారపడి, ఆ ఊరి భాషలో ఫిర్యాదు చేయలేని స్త్రీకి మాత్రం ప్రమాదం వీధిలో కంటే ఇంట్లోనే ఎక్కువ ఉండవచ్చు.

లోపాలను దాచవలసిన పని లేదు. సాయంత్రపు సభలకు తీరిక, భాష, సొంత ఇల్లు ఉన్నవారు వచ్చినంతగా రెండు ఉద్యోగాలు చేసే అద్దెదారులు రాలేరు కనుక, వచ్చినవారి భయమే ఊరి భయంగా నమోదవుతుంది. ఆ భయం ఒక్కోసారి కుర్రవాళ్ళ మీదికి, నల్లజాతివారి మీదికి, ఇల్లులేని వారి మీదికి మళ్ళుతుంది. ఏ నేరంతోనూ సంబంధం లేని పౌరులను వీధిలో ఆపి వివరాలు రాసుకునే ‘కార్డింగ్’ అలవాటును టొరంటోలో భద్రత పేరుతోనే సమర్థించేవారు. దాని బారిన ఎక్కువగా పడినవారు నల్లజాతి యువకులు. 2017 జనవరి నుంచి రాష్ట్రం దాన్ని నిబంధనలతో కట్టడి చేసింది. కాబట్టి అందరినీ కలుపుకోవడం అనే మాటలో, ఎవరి భయాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని భయానికి కారణంగా చూపారు అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండాలి. మరోపక్క 2018లో రాష్ట్ర ప్రభుత్వం, నగర ఎన్నికల ప్రచారం సాగుతుండగానే, టొరంటో వార్డులను 47 నుంచి 25కు తగ్గించింది. ఇప్పుడు సగటున లక్ష మందికి పైగా జనానికి ఒక్క కౌన్సిలర్. నివాసుల మాట వినాలని చట్టం చేసిన రాష్ట్రమే వినవలసిన చెవులను సగానికి తగ్గించడం విచారకరం.

మన దేశంలో సేఫ్టీ ఆడిట్లను ఢిల్లీలో జాగోరి అనే మహిళా సంస్థ చేపట్టింది. 2013లో వచ్చిన ‘సేఫ్టీపిన్’ యాప్ అవే ప్రశ్నలను ఫోన్‌లోకి తెచ్చి, వెలుతురు, కాలిబాట, జనసంచారం, స్త్రీల ఉనికి వంటి అంశాలపై ఎవరైనా మార్కులు వేసే వీలు కల్పించింది. చట్టం వైపు చూస్తే, 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలను నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఏర్పడిన వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు గాని, ఆ వ్యవస్థ ప్రధానంగా పథకాలను, సేవలను ఇంటికి చేర్చడానికి ఉద్దేశించినది.

విజయవాడలోనో వరంగల్‌లోనో పదిమంది స్త్రీలు ఒక సాయంత్రం తమ వీధిని నడిచి చూసి కాగితం రాశారనుకుంటే, అందులోని వీధి దీపం సంగతి మునిసిపాలిటీకి, బస్టాపు సంగతి ఆర్టీసీకి, గస్తీ సంగతి రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్న పోలీసులకు, సందు మొగలో ఉన్న మద్యం దుకాణం సంగతి ఎక్సైజ్ శాఖకు పోవాలి. ఒంటారియో చట్టం వేర్వేరు రంగాల ప్రతినిధులను ఒక సలహా సంఘంలో కూర్చోబెట్టి, వచ్చిన ప్రణాళికను ప్రచురించమని, అమలును ఎప్పటికప్పుడు సమీక్షించమని మునిసిపాలిటీని బాధ్యురాలిని చేసింది. మన వార్డు కమిటీలకు ఆ నాలుగు శాఖల అధికారులను పిలిచి, ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా జవాబు ఇమ్మని అడిగే హక్కు ఇవ్వడానికి కొత్త నిధులు అక్కర్లేదు; రాష్ట్ర శాసనసభలు ఉన్న చట్టాలను సవరిస్తే సరిపోతుంది.