అవ్వ పుస్తకం, మనవరాలి నోటుపుస్తకం

“మీరు తెలుగువారా, తమిళులా?” అని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన ఆడపడుచులను బయటివారు అడుగుతూ వుంటారు. యింట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. పూజగదిలో పెరుమాళ్లకు దీపం పెట్టిన చేతితోనే కొండమీది చంద్రచూడేశ్వరునికి టెంకాయ కొడతారు. వూరి మారెమ్మకు అంబలి పోస్తారు. వేకువనే పాలు పితికి, బస్సెక్కి ఫ్యాక్టరీ పనికి పోయేవారూ వున్నారు. చూచేవారికి యిది వింత. వారికి మాత్రం రోజూ వుండే సంగతే.

యిది కొత్త కూడా కాదు. ఆండాళ్ తమిళంలో పాడింది. ఆమె కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో వ్రాశాడు. త్యాగయ్య (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో వుండి తెలుగులో కీర్తనలు పాడాడు. ఒక భాషను ఆదరించడానికి మరొక దానిని విడువవలసిన పని వారికి కలుగలేదు.

ధనుర్మాసంలో మేము హోసూరు దగ్గర ఒక యింటికి వెళ్లాము. అవ్వగారు తిరుప్పావై చదువుతున్నారు. ముప్పది పాశురాలూ తమిళమే. పుస్తకం మాత్రం తెలుగు లిపిలో అచ్చయినది. తమిళ అక్షరాలు ఆమెకు రావు. ప్రక్కనే కూర్చున్న మనవరాలు తన నోటుపుస్తకం చూపించింది. అవ్వ పాడే మంగళహారతులు, జోలపాటలు అందులో వున్నవి. పాటలు తెలుగు, లిపి తమిళం. తెలుగు అక్షరాలు ఆ పిల్లకు రావు.

అవ్వ పుస్తకం మనవరాలు చదవలేదు, మనవరాలి పుస్తకం అవ్వ చదవలేదు! యిద్దరూ నవ్వారు. మాకు మాత్రం మనసు కలుక్కుమన్నది.

తప్పు పిల్లది కాదు. 2006వ సంవత్సరపు చట్టం వల్ల తమిళనాట బడులలో ఒకటో తరగతి మొదలుకొని, ఏటికొక తరగతి చొప్పున పదోతరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠమయింది. తమిళం నేర్వడం మంచిదే. అయితే తెలుగు అక్షరం నేర్పే భారం యింటిమీద పడింది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకే అక్షరం. అవ్వ పోయిన తరువాత ఆ నోటుపుస్తకం చూచేవారు, పాటలోని “గంప”ను “కంప” అని చదివితే ఏమనగలం? పూలగంప ముళ్లకంప అవుతుంది. తమిళ సంగీత పుస్తకాలలో యీ చిక్కు తీర్చడానికి అక్షరంపైన 2, 3, 4 అంకెలు వేస్తారు. అది పాడేవారికి ఊతమే గాని, అక్షరానికి బదులు కాదు.

ఉపాయం ఆ యింట్లోనే వున్నది. అవ్వ చదవగా వినివిని ఆ పిల్లకు తిరుప్పావై కంఠస్థమయింది. ఆ తెలుగు పుస్తకమే ముందు పెట్టి, తెలిసిన మాటమీద వ్రేలుంచి రోజుకొక పాశురం చదివించమన్నాము. ముప్పది రోజులలో చాలా అక్షరాలు పట్టుబడతాయి. ఒత్తక్షరాలకు తరువాత ఒక త్యాగరాజ కీర్తన చాలు. నేర్చిన అక్షరాలతో హారతి పాటలను తిరిగి వ్రాయించవచ్చును.

అమ్మలారా, మీ యింటి నోటుపుస్తకాన్ని ఒకసారి తెరచి చూడండి. అందులోని తమిళాన్ని కొట్టివేయవద్దు. ప్రతి పాట క్రిందా అదే పాటను తెలుగులో వ్రాయించండి. అవ్వ కళ్లద్దాలు పెట్టుకొని చదువుకుంటారు.