మిల్లు చూస్తేనే కాగితం తెలిసేది!

డిజైన్ కోర్సు చదివే పిల్లలకు కాగితం అంటే కంప్యూటర్ తెర మీద కనిపించే తెల్లటి చోటు. బొమ్మ ఎక్కడ పెట్టాలి, అక్షరం ఎంత ఉండాలి... ఆలోచనంతా దాని చుట్టూనే. ఆ తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చాలామందికి తెలీదు. అందుకే ఒక్క రోజైనా వాళ్లను పేపర్ మిల్లుకు తీసుకెళ్లాలి. మనకేం దూరం కాదు. రాజమండ్రిలో మిల్లుంది, కాగజ్‌నగర్‌లో మిల్లుంది. కాగజ్‌నగర్‌కైతే ఊరి పేరులోనే కాగితం ఉంది!

కట్టెల నుంచి తెలుపు దాకా

మిల్లులో ముందు చూడాల్సింది కట్టెల గుట్టలు. సుబాబుల్, సరుగుడు, జామాయిల్... మన దగ్గర ఎక్కువగా రైతులు పొలాల్లో పెంచి అమ్మినవే. బెరడు తీసి, ముక్కలు కొట్టి, డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి ఉడికిస్తారు. కర్రలో పీచును అతికించి ఉంచే లిగ్నిన్ కరిగిపోయి, గోధుమరంగు గుజ్జు మిగులుతుంది. ఆ నల్లటి ద్రవాన్ని పారబోయరు. బాయిలర్‌లో మండించి ఆవిరి పుట్టిస్తారు, రసాయనాలను మళ్లీ రాబట్టుకుంటారు. గుజ్జును కడిగి బ్లీచ్ చేస్తేనే తెల్లబడుతుంది. తెర మీద ఊరికే వచ్చే తెలుపుకు ఇక్కడ నీళ్లు, రసాయనాలు, కరెంటు ఖర్చవుతాయన్నమాట.

కాగితానికీ ఓ వాలు

మెషిన్ మీదికి వెళ్లే గుజ్జులో నూటికి 99 పాళ్లు నీళ్లే. అది పరుగెత్తే జల్లెడ మీద పడుతుంది. నీరు కారిపోతుంది, రోలర్లు పిండుతాయి, ఆవిరితో వేడెక్కిన సిలిండర్లు ఆరబెడతాయి. 1799లో ఫ్రాన్స్‌లో లూయీ నికొలా రాబర్ పేటెంట్ తీసుకున్న యంత్రం కూడా కదిలే జల్లెడ మీదే పనిచేసేది.

జల్లెడ పరుగెత్తే వైపే పీచు ఎక్కువగా వాలుతుంది. దాన్నే గ్రెయిన్ అంటారు. పాత న్యూస్‌పేపరు తీసుకుని నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి చింపి చూడండి. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకర్లు పోతుంది. పుస్తకం కుట్టే అంచుకు గ్రెయిన్ సమాంతరంగా ఉండాలి. లేకపోతే పేజీలు బిరుసుగా లేచి నిలబడతాయి. మందపాటి కార్డయితే మడత దగ్గర పగులుతుంది. ఎంత అందంగా గీసినా లాభం ఉండదు.

లెక్క చూస్తే...

ఎ4 కాగితాలు 16 పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి 80 జీఎస్ఎం ఎ4 ఒక్కోటి 5 గ్రాములు. 10 వేల కరపత్రాలంటే 50 కిలోలు. 'కాస్త మందంగా ఉంటే బాగుంటుంది' అని 120 జీఎస్ఎం ఎంచుకుంటే 75 కిలోలు. డిజైనర్ ఒక్క మాటతో పెరిగిన బరువు పాతిక కిలోలు! ఆ మాట అనేముందు కట్టెల గుట్ట గుర్తొస్తే చాలు, మిల్లు చూపించిన ఖర్చు దక్కినట్టే.

పాత కాగితంతో నడిచే మిల్లుకు వెళ్తే ఇంకో పాఠం తెలుస్తుంది. మామూలు కాగితం నీళ్లలో నాని గుజ్జవుతుంది. ప్లాస్టిక్ పొర అతికించిన శుభలేఖ అంత తేలిగ్గా నానదు. ఆ పొరను వేరుచేయడమే పెద్ద పని. మెరుపు కోసం డిజైనర్ వేయించిన లామినేషన్ ఇక్కడ చెత్తగా తేలుతుంది. పీచు కూడా తిప్పిన ప్రతిసారీ పొట్టిదవుతుంది, అందుకే ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిప్పలేం.

ఇంకోటి, మిల్లంటే మెషిన్లొక్కటే కాదు. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో చేతులు మారి మళ్లీ మొదలైంది. అంతకాలం జీతం ఆగిపోతే కార్మికుల ఇళ్లు ఎలా నడిచాయన్నదీ పిల్లలు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇదంతా డిజైన్ విద్యార్థులకేనా? ఈసారి మీ ఇంట్లో శుభలేఖలు వేయించేటప్పుడు ప్రెస్సు ఆయన్ని రెండు మాటలు అడగండి. 'లామినేషన్ లేకుండా వస్తుందా? మడత గ్రెయిన్ వైపే వస్తోందా?' కార్డు బాగుంటుంది, ఖర్చూ తగ్గుతుంది.