పిల్లల డర్ట్ బైకుకు టైరు: మీ ఊరి నేల చూసి కొనండి

సెలవుల్లో మనవలు అడిగే వస్తువుల్లో సైకిలు పక్కన ఇప్పుడు చిన్న డర్ట్ బైకు కూడా చేరింది. బండి కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం. టైరు అరిగితే మాత్రం దొరికినదేదో వేయించేస్తాం. దాని మీద కూర్చునేది ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. టైరు జారితే దెబ్బ తగిలేది వాడికే. అందుకే మన కుటుంబాల కోసం నాలుగు విషయాలు చెబుతున్నాను.

ముందు సైజు

పాత టైరు పక్కన ఉన్న అంకెలు కాగితం మీద రాసుకోండి. 2.50-10 అంటే వెడల్పు రెండున్నర అంగుళాలు, రిమ్ము పది అంగుళాలు. హోండా సీఆర్‌ఎఫ్50, యమహా పీడబ్ల్యూ50 బండ్లకు రెండు చక్రాలకూ ఇదే సైజు. కవాసకీ కేఎల్‌ఎక్స్110కి ముందు 2.50-14, వెనుక 3.00-12. చిన్న 49 సీసీ బండ్లలో 12.5x2.75 అని ఉంటుంది. ఇక్కడ మొదటి అంకె రిమ్ముది కాదు, టైరు మొత్తం ఎత్తుది. 12 అంగుళాల రిమ్ము టైరు తెస్తే పట్టదు. వెడల్పు ఎక్కువైతే చైనుకో, మడ్‌గార్డుకో రాసుకుంటుంది.

తర్వాత నేల

బటన్ టైర్లన్నీ ఒకటి కావు. హోసూరు వైపు గట్టి ఎర్రనేలకు, మొరానికి పొట్టి బటన్లు దగ్గర దగ్గరగా ఉన్నది మంచిది. యానాం దగ్గర గోదావరి ఇసుకకు, బురదకు పొడుగు బటన్లు దూరం దూరంగా ఉండాలి. అప్పుడే అవి నేలలో దిగి పట్టు ఇస్తాయి, మట్టి విదిలించుకుంటాయి. అదే టైరు గట్టినేల మీద నడిపితే బటన్లు వంగి బండి జారుతుంది, త్వరగా అరుగుతుంది కూడా. బళ్లారి, షోలాపూరు నల్లరేగడి ఎండలో రాయి, వానలో జిగురు. అక్కడ మధ్యరకం టైరు వేయించి, వాన పడ్డ రోజు బండి తీయకపోవడమే ఉత్తమం.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. బాగా పాతదైతే రబ్బరు గట్టిపడి ఉంటుంది, వద్దనండి. పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే వైపే బిగించాలి. ట్యూబు టైరైతే అదే సైజు కొత్త ట్యూబు వేయించండి.

గాలి స్కూటరుకు కొట్టినంత కొట్టించకండి. గట్టిగా ఉన్న టైరు రాళ్ల మీద ఎగురుతుంది. మరీ తక్కువైతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత ఉంటే అంతే, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

రోడ్డు మీదికి వద్దు

కొన్ని టైర్ల మీద ఇంగ్లీషులో ఎన్‌హెచ్‌ఎస్ అని ఉంటుంది. రహదారికి పనికిరాదని దాని అర్థం. తారు మీద, ముఖ్యంగా తడి తారు మీద, బటన్లకు పట్టు ఉండదు. చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు రోడ్డు మీద బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు, బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఇంటి ముందు వీధి కూడా రోడ్డే.

సొంత పొలంలోనో, యజమాని ఒప్పుకున్న ఖాళీ స్థలంలోనో, హెల్మెట్టు, బూట్లు వేసి, పెద్దవాళ్లు దగ్గరుండి నడిపించండి.