హోమ్ వారంటీ: ఇంటి ఓనర్‌కి న్యాయం జరుగుతోందా? టెక్నీషియన్‌కి?

డాలస్‌లో జులై ఎండ ఎలా ఉంటుందో అక్కడున్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ఏసీ ఆగిపోయిందనుకోండి. ఇల్లు కొన్నప్పుడు హోమ్ వారంటీ తీసుకున్నాం కదా, వాళ్లే చూసుకుంటారులే అని ఫోన్ చేస్తాం. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ముందు ఒక క్లారిటీ. ఇది హోమ్ ఇన్సూరెన్స్ కాదు. కొత్త ఇంటికి బిల్డర్ ఇచ్చే వారంటీ కూడా కాదు. ఇదొక సర్వీస్ కాంట్రాక్ట్, మామూలుగా ఏడాదికి. ఏడాదికి కొన్ని వందల డాలర్లు కడతాం. మళ్లీ టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ సుమారు 75 నుంచి 125 డాలర్ల సర్వీస్ ఫీజు. క్లెయిమ్ రిజెక్ట్ అయినా ఆ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు.

ఇప్పుడు టెక్నీషియన్ వైపు నుంచి చూద్దాం. ఆయన కంపెనీ ఉద్యోగి కాదు, బయటి కాంట్రాక్టర్. కంపెనీ ఇచ్చే రేటు మార్కెట్ రేటు కంటే తక్కువ. పెద్ద రిపేర్ అయితే ముందు ఫోన్ చేసి అప్రూవల్ తెచ్చుకోవాలి. ఆ హోల్డ్‌లో పోయే టైమ్‌కి డబ్బులెవరిస్తారు? అందుకే సొంత కస్టమర్లు బాగా ఉన్నవాళ్లు చాలామంది ఈ పని ఒప్పుకోరు. వచ్చినాయన మీద కోప్పడే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఆయనా మనలాగే మధ్యలో ఇరుక్కున్నాడు.

మరి క్లెయిమ్‌లు ఎక్కడ ఆగుతాయి? ఎక్కువగా ఈ మూడు మాటల దగ్గర: "మెయింటెనెన్స్ చేయలేదు", "ముందే పాడైపోయి ఉంది", "ఇన్‌స్టలేషన్ సరిగా లేదు". ఓకే అయినా లిమిట్ ఉంటుంది. గ్యాస్, పర్మిట్, డక్ట్ మార్పులు అంటూ మన జేబులోంచి ఇంకా పోతుంది.

ఇది ఒకరిద్దరి గొడవ కాదు. న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి కంపెనీ ఒకదాని మీద కేసు వేసింది. క్లెయిమ్‌లు అన్యాయంగా తిరస్కరిస్తున్నారన్నది ఆరోపణ. 2015లో ఆ కంపెనీ దాదాపు 7 లక్షల 80 వేల డాలర్లకు సెటిల్ చేసుకుంది.

అయితే అంతా మోసమేనా అంటే, కాదు. పాత ఇల్లు కొని, చేతిలో డబ్బు లేనివాళ్లకి, అమ్మినవాళ్లే ఫీజు కట్టి ఇచ్చిన ప్లాన్ పనికొస్తుంది. కానీ చిక్కు ఎక్కడుందంటే, క్లెయిమ్‌కి డబ్బిచ్చేది కంపెనీ, ఇవ్వాలో వద్దో తేల్చేదీ కంపెనీయే.

అందుకే నాలుగు పనులు చేయండి. ఒకటి, కొనేముందు బ్రోషర్ పక్కన పెట్టి, ఏవి కవర్ కావో ఉన్న పేజీ చదవండి. రెండు, ఏసీ సర్వీసింగ్ రసీదులు, ఇల్లు కొన్నప్పటి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఫోన్‌లో దాచుకోండి. మూడు, టెక్నీషియన్‌ని మర్యాదగా అడగండి, "అన్నా, ఎందుకు పాడైందో కాస్త రాసివ్వండి" అని. క్లెయిమ్ నిలబడేదీ పడిపోయేదీ ఆ ఒక్క లైన్ మీదే. నాలుగు, రిజెక్ట్ చేస్తే కాంట్రాక్ట్‌లో ఏ క్లాజ్ ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత కూడా తేలకపోతే రాష్ట్రానికి కంప్లైంట్ ఇవ్వండి. టెక్సస్‌లో అయితే లైసెన్సింగ్ శాఖ టీడీఎల్‌ఆర్, కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్.

ఇల్లు కొనబోతున్న ఫ్రెండ్ ఉంటే ఇది పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.