ఫ్లోర్ క్లీనింగ్ మెషిన్ పాడయ్యేది పనిలో కాదు, పని అయ్యాకే

భీమునిపట్నం: వలీమా దావత్ ముగిసి ఆఖరి చుట్టం వెళ్లేసరికి అర్ధరాత్రి దాటుతుంది. హాలు నిండా బిర్యానీ నూనె మరకలు, ఒలికిన కూల్‌డ్రింక్ జిగట, బీచ్ నుంచి చెప్పులతో పాటు వచ్చిన ఇసుక. తెల్లారితే ఇంకో ఫంక్షన్. ఒకప్పుడు ఈ పనికి ఆరేడుగురు చీపుర్లు, బకెట్లు పట్టుకుని దిగేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఒక మెషిన్, ఒక మనిషి చాలు. బీచ్ రోడ్డు రిసార్టుల్లో, విశాఖ ఆసుపత్రుల్లో, షాపింగ్ మాల్స్‌లో ఈ మెషిన్లు మామూలైపోయాయి. పెద్ద మస్జిద్‌ల కమిటీలు కూడా కార్పెట్ల కోసం పెద్ద వ్యాక్యూమ్ క్లీనర్లు కొంటున్నాయి.

కొనడం వరకు బాగానే ఉంటుంది. ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి అదే మెషిన్ స్టోర్ రూమ్ మూలన దుమ్ము పట్టి కనిపిస్తుంది. "చార్జింగ్ నిలవడం లేదు", "నీళ్లు లాగడం లేదు", "వాసన కొడుతోంది" అంటారు. నింద మాత్రం దాన్ని నడిపే కుర్రాడి మీద పడుతుంది. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టుల్లో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఇదే పని మీద గల్ఫ్‌కు వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ మెషిన్ సంగతి యజమానికి ఎంత తెలియాలో, నడిపే మనిషికీ అంతే తెలియాలి.

మెషిన్ లోపల జరిగేది ఇదీ

హాళ్లలో ఎక్కువగా వాడేది స్క్రబ్బర్ డ్రైయర్. దీనికి రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, కొద్దిగా క్లీనింగ్ లిక్విడ్. ఆ నీళ్లు కింద తిరిగే బ్రష్ మీదో ప్యాడ్ మీదో పడతాయి, అది ఫ్లోర్‌ను రుద్దుతుంది. వెనకాల స్క్వీజీ అనే పొడవాటి రబ్బరు పట్టీ ఉంటుంది. అది మురికి నీటిని ఒకచోటికి చేరుస్తుంది, సక్షన్ మోటార్ ఆ నీటిని రెండో ట్యాంకులోకి లాగేస్తుంది. అందుకే మెషిన్ దాటిన వెంటనే ఫ్లోర్ దాదాపు ఆరిపోయి ఉంటుంది, ఎవరూ జారి పడరు.

అంటే ముఖ్యమైన భాగాలు నాలుగే: బ్రష్, స్క్వీజీ, సక్షన్ మోటార్, బ్యాటరీ. మొదటి రెండూ అరిగిపోయే వస్తువులు, ఎలాగూ మారుస్తుండాలి. తర్వాతి రెండూ ఖరీదైనవి. అవి చాలాసార్లు అరిగిపోయి కాదు, చూసుకోక చెడిపోతాయి.

భీమిలిలో ఇంకొంచెం జాగ్రత్త ఎందుకు?

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు ఇది. 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలి ఇప్పుడు జీవీఎంసీ పరిధిలో ఉంది. ఊరు అందమైనదే, ఇనుముకు మాత్రం కష్టకాలం. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కిటికీ ఊచలనే తినేస్తాయి. మెషిన్ బోల్టులు, వైర్ల కనెక్షన్లు, బ్యాటరీ టెర్మినళ్లు ఆ గాలికి తట్టుకోవాలంటే తుడుస్తూ ఉండాల్సిందే.

రెండోది ఇసుక. ఇసుక ఉన్న ఫ్లోర్ మీద నేరుగా స్క్రబ్బర్ నడిపితే రేణువులు బ్రష్ కింద పడి మార్బుల్ మీద గీతలు పెడతాయి, స్క్వీజీ రబ్బరును కోస్తాయి, పైపులో పేరుకుంటాయి. అందుకే ముందు చీపురుతోనో డ్రై మాప్‌తోనో ఇసుక తీసేయాలి. గుమ్మం దగ్గర గరుకు మ్యాట్ వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది.

మూడోది నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట అవే ట్యాంకులో పోస్తే సన్నని పైపుల్లో, వాల్వ్‌లో తెల్లటి పొర కడుతుంది. కొన్నాళ్లకు బ్రష్ మీద నీళ్లు పడటం తగ్గిపోతుంది. వీలైతే మున్సిపల్ కుళాయి నీళ్లే వాడాలి.

పని ముగిశాక పదిహేను నిమిషాలు

డ్యూటీ దిగేముందు చేసే ఈ పనులే మెషిన్ ఆయుష్షును తేలుస్తాయి.

1. మురికి నీళ్ల ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి మంచినీళ్లతో కడగాలి. అడుగున బురద ఉండకూడదు. ఆ నీళ్లు రాత్రంతా నిలవుంటే మర్నాటికి దుర్వాసన ఖాయం.

2. ట్యాంకు మూత తెరిచే ఉంచాలి. మూసేస్తే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది.

3. ట్యాంకు లోపల చిన్న జల్లెడ, ఫ్లోట్ ఉంటాయి. ట్యాంకు నిండగానే సక్షన్‌ను ఆపేది ఆ ఫ్లోటే. దానికి వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటే నీళ్లు మోటార్‌లోకి పోతాయి. రోజూ తీసి కడగాలి.

4. స్క్వీజీని తీసి తుడవాలి. ఫ్లోర్ మీద నీటి చారలు మిగులుతున్నాయంటే రబ్బరు అంచు అరిగినట్టు, లేదా దాని కింద ఏదో ఇరుక్కున్నట్టు. చాలా మోడళ్లలో ఈ రబ్బరుకు నాలుగు అంచులు వాడుకోవచ్చు. ఒకటి అరిగితే తిప్పి బిగించాలి. ఇది తెలియక ఒక్క అంచు అరగగానే కొత్తది కొంటున్నవాళ్లు ఉన్నారు.

5. బ్రష్‌నో ప్యాడ్‌నో విప్పి కడిగి ఆరేయాలి. మెషిన్ బరువంతా దాని మీదే వదిలేసి నిలబెడితే బ్రష్ కుచ్చులు వంగిపోతాయి, ప్యాడ్ అణిగిపోతుంది.

6. మెషిన్ పైభాగాన్ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. పైపు పెట్టి నీళ్లు చిమ్మకూడదు. స్విచ్‌లు, మోటార్, సర్క్యూట్ బోర్డు అన్నీ లోపలే ఉంటాయి.

వారానికోసారి పైపులకు పగుళ్లు ఉన్నాయేమో, చక్రాలకు దారాలు చుట్టుకున్నాయేమో, బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. సక్షన్ తగ్గితే వెంటనే మోటార్ పోయిందని అనుకోవద్దు. పైపు మూసుకుపోవడం, మూత రబ్బరు సరిగా కూర్చోకపోవడం, ఫ్లోట్ ఇరుక్కోవడం, ముందుగా ఈ మూడూ చూడండి. మెకానిక్ అవసరం లేకుండానే సరయ్యే కేసులు చాలా ఉంటాయి.

బ్యాటరీ: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

నడుచుకుంటూ తోసే మెషిన్లలో చాలావాటికి 24 వోల్టుల బ్యాటరీ సెట్ ఉంటుంది. 12 వోల్టులవి రెండు, లేదా 6 వోల్టులవి నాలుగు. ఎక్కువగా ఇవి లెడ్ యాసిడ్ రకం. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకున్నవాళ్లకు సగం సంగతి తెలిసినట్టే.

వాడిన రోజే ఫుల్ చార్జింగ్ పెట్టాలి. చార్జింగ్ అయిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత సత్తువ రాదు. పూర్తిగా ఆగిపోయేదాకా లాగించడం కూడా మంచిది కాదు, రెడ్ లైట్ వెలగగానే ఆపాలి. రంజాన్ తర్వాతో, పెళ్లిళ్ల సీజన్ అయ్యాకో మెషిన్‌ను వారాల తరబడి పక్కన పెట్టేటప్పుడు ఫుల్ చార్జ్ చేసి పెట్టాలి. మధ్యలో కనీసం నెలకోసారి మళ్లీ చార్జ్ చేయాలి.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. నీళ్లు పోయాల్సింది చార్జింగ్ పూర్తయ్యాక. చార్జింగ్‌లో ద్రవం పైకి లేస్తుంది, ముందే నిండుగా పోస్తే యాసిడ్ పొంగి చుట్టూ ఇనుమును తినేస్తుంది. చార్జింగ్ పెట్టేముందు ప్లేట్లు బయటపడి కనిపిస్తే మాత్రం, అవి మునిగేంత వరకే పోసి ఆపాలి. జెల్ బ్యాటరీలకు నీళ్లు పోయకూడదు, మూతలు తెరవకూడదు. వాటికి సరిపోయే చార్జరే వాడాలి.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి చేరితే, బ్యాటరీ మూతలు బిగించి ఉన్నాయని చూసుకుని, వంట సోడా కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవాలి. ఆరాక కొద్దిగా వ్యాస్‌లిన్ రాయాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

చార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకే తలుపులు మూసిన స్టోర్ రూమ్‌లో, వంటగది పక్కన, బీడీ సిగరెట్లు కాల్చేచోట చార్జింగ్ పెట్టకూడదు. కిటికీ తెరిచి ఉన్న గది కావాలి. వైరుతో నడిచే మెషిన్లకు మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. తడి ఫ్లోర్ మీద అతుకులేసిన వైరు లాగడమంటే ప్రాణంతో ఆడుకోవడమే.

లిక్విడ్ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ కాదు

నురగ బాగా వస్తే బాగా కడిగినట్టని చాలామంది అనుకుంటారు. ఈ మెషిన్‌కు నురగే శత్రువు. నీటికి పైకి లేచే ఫ్లోట్ నురగకు లేవదు. నురగ నేరుగా మోటార్‌లోకి వెళ్లిపోతుంది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, నురగ తక్కువ వచ్చే లిక్విడ్‌నే వాడాలి.

మార్బుల్ మీద యాసిడ్ పోయకూడదు. ఆ రాయి యాసిడ్‌కు కరిగి మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టించాల్సి వస్తుంది. ఇంకో మాట ఇంట్లో ఆడవాళ్లకూ చెప్పాలి: టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ప్యాడ్ రంగులకూ అర్థం ఉంది. ఎరుపు రోజువారీ శుభ్రతకు, తెలుపు పాలిష్‌కు, నలుపు పాత పూతను గీకి తీయడానికి. నలుపు ప్యాడ్‌తో రోజూ తుడిస్తే ఫ్లోర్ మెరుపు దక్కదు.

మస్జిద్ కార్పెట్ల సంగతి

మస్జిద్‌లో సజ్దా చేసే చోటు కాబట్టి కార్పెట్ల శుభ్రత గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ వ్యాక్యూమ్ క్లీనర్‌కు ప్రాణం దాని ఫిల్టర్, బ్యాగ్. బ్యాగ్ పూర్తిగా నిండకముందే ఖాళీ చేయాలి. గుడ్డ ఫిల్టర్ పెట్టి ఉండగా తడి లాగకూడదు, వజూఖానా నీళ్లు లాగాలంటే ముందు ఫిల్టర్ తీయాలి. బ్రష్ రోలర్‌కు చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు వారానికోసారి కత్తెరతో కోసి తీయాలి. భీమిలి తేమలో షాంపూ వాష్ చేసిన కార్పెట్ త్వరగా ఆరదు. జుమా ముందురోజు రాత్రి కడిగితే మర్నాడు సఫ్‌లలో నిలబడినవాళ్లకు తడి వాసనే. శుక్రవారం నమాజ్ అయ్యాక మొదలుపెడితే ఆరడానికి వారం ఉంటుంది. ఈలోపు నమాజ్‌లకు ఇబ్బంది లేకుండా వరుసలవారీగా కడగవచ్చు.

లెక్క వేసి చూస్తే

ఉదాహరణకు ఒక మెషిన్ ధర రూ.2 లక్షలు అనుకుందాం. ఏడాదికి 300 రోజుల చొప్పున అయిదేళ్లు నడిస్తే 1,500 రోజులు. రోజుకు పడేది దాదాపు రూ.133. అదే మెషిన్ రెండేళ్లకే మూలన పడితే 600 రోజులు. రోజుకు రూ.333. తేడా రోజుకు రెండు వందలు. ఆ పదిహేను నిమిషాల విలువ అదే.

సర్వీస్ కాంట్రాక్టు, అంటే ఏఎంసీ రాసుకునేటప్పుడు కాగితం మొత్తం చదవాలి. విడిభాగాలు కలిసి ఉన్నదా, సర్వీస్ మాత్రమేనా? బ్యాటరీ, బ్రష్, స్క్వీజీ లెక్కలో ఉన్నాయా? ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో మెకానిక్ వస్తాడు? విశాఖ నుంచి భీమిలి రావడానికి వేరే చార్జీ అడుగుతారా? ఇవన్నీ రాతలో ఉండాలి. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు, మెషిన్ సీరియల్ నంబరు ఒకే ఫైల్లో పెట్టుకోవాలి.

తప్పు ఎవరిదో తేల్చేది రిజిస్టర్

2017లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్వేలో, 75 ఏ1 కేటగిరీ స్టేషన్లలో విశాఖపట్నం రైల్వే స్టేషన్ పరిశుభ్రతలో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంత జనం తొక్కే చోట ఆ పేరు ఒక్కరోజు ఊడ్పుతో రాదు. రోజూ ఒకే పద్ధతిలో పని జరగాలి.

హాలుకైనా మస్జిద్‌కైనా అదే పద్ధతి వర్తిస్తుంది. మెషిన్ పక్కనే ఒక నోట్‌బుక్ కట్టి ఉంచండి. తేదీ, ఎవరు నడిపారు, ట్యాంకు కడిగారా, చార్జింగ్ పెట్టారా, ఏదైనా తేడా కనిపించిందా అని రాసి సంతకం చేయాలి. ఇది యజమానికి ఎంత రక్షణో, నడిపేవాడికీ అంతే. మెషిన్ ఆగిపోగానే జీతంలో కోత పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వేతన చట్టం అలా ఒప్పుకోదు. అప్పగించిన వస్తువు ఆ కార్మికుడి నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి, కోత నష్టాన్ని మించకూడదు. "ఫలానా తేదీన పైపు పగిలిందని చెప్పాను" అని నోట్‌బుక్‌లో ఉంటే ఆ కుర్రాడు ధైర్యంగా మాట్లాడగలడు.

అయితే శిక్షణ ఇవ్వకుండా చేతికి మెషిన్ ఇచ్చి, తర్వాత నీదే తప్పు అనడం న్యాయం కాదు. డెలివరీ రోజున కంపెనీ మనిషి ఇచ్చే డెమోకు మేనేజర్‌తో పాటు నడిపే మనుషులు కూడా ఉండాలి. అతను చెప్పేది ఫోన్‌లో వీడియో తీసుకుంటే, తర్వాత చేరిన కొత్తవాళ్లకూ పనికొస్తుంది.

మస్జిద్ మెషిన్ జమాఅత్ చందాతో వచ్చింది, హాలు మెషిన్ యజమాని కష్టార్జితంతో వచ్చింది. రెండూ నడిపేవాడి చేతిలో అమానతే. అమానత్ కాపాడమని అడిగేవారు, అది కాపాడటానికి కావాల్సిన డిస్టిల్డ్ వాటర్, గ్లవ్స్, పదిహేను నిమిషాల డ్యూటీ టైమ్ కూడా ఇవ్వాలి.